పక్క ఊరి తిట్లు

రోజు 1

పది యాభైకి బస్సు దిగాను. పదకొండింటికి వడగాలి సైరన్ మోగింది. ఆ పది నిమిషాల్లో పెట్టె, మడతమంచం, మట్టి పరీక్ష సంచీ మోసుకుంటూ గువ్వలమిట్ట బడిగదిలోకి వచ్చి పడ్డాను. సాయంత్రం నాలుగున్నర దాకా తలుపు తీయకూడదు. ఇక్కడి పిల్లలకు బడి తెల్లవారుజామున ఐదింటికి మొదలై తొమ్మిదికి అయిపోతుందట. మిగతా పగలంతా గది నాదే.

ఈ దినచర్య రాయడం ఉద్యోగంలో భాగం. "కనిపించింది రాయి, అనిపించింది రాయకు" అని మా పై అధికారి మాలకొండయ్య గారి ఉత్తర్వు. రెండోది నావల్ల కాదని ఎనిమిదేళ్లుగా ఆయనకూ తెలుసు.

వచ్చిన పని చిన్నది. ఏ చట్టమైనా దేశమంతా రుద్దే ముందు కొన్ని ఊళ్లలో నడిపి చూడాలని మా అమ్మమ్మ కాలంలోనే తీర్మానించారు. ఏ ఊళ్లో నడపాలో చీటీ తీసి తేలుస్తాం. అందుకే జనం మమ్మల్ని చీటీల శాఖ అంటారు. ఈసారి పరీక్ష నీళ్ల మీద. పక్కపక్కన ఉన్న రెండు ఊళ్లు ఒక జత. చీటీ పడిన ఊళ్లో నీళ్లు వంతులవారీగా వదిలేది తెలివి తూము, అంటే యంత్రం. పడని ఊళ్లో పాత పద్ధతిలో నీరుగంటి, అంటే మనిషి. మూడు పంటలు గడిచాక ఏ ఊళ్లో ఫిర్యాదులు తక్కువో చూసి, ఆ పద్ధతినే ఆ జతకు ఖాయం చేస్తాం.

ఈ జతలో చీటీ కోనంపల్లికి పడింది. మూడు పంటల్లో కోనంపల్లి ఫిర్యాదులు సున్న. చీటీ పడని గువ్వలమిట్టవి రెండు వందల పన్నెండు. నేను అంకెలు సరిచూసి సంతకం పెడితే ఇక్కడి నీరుగంటి పదవి రద్దవుతుంది. ఆమె పేరు మారెక్క అని కాగితంలో ఉంది. అన్ని తిట్లు తినే మనిషి ఎలా ఉంటుందో చూడాలని నాకు మహా ఆత్రంగా ఉంది.

రోజు 2

చూశాను. అరవై దాటిన మనిషి, బక్కపలచన, చెవులకు ఇత్తడి పోగులు. పాత చెరువు గట్టు మీద ఒక చదును బండ ఉంది, దాని మీద కూర్చుంటుంది. చెరువులో వాన నీళ్లు పడి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు అందులోకి వచ్చేది సముద్రపు నీళ్లు, ఉప్పు తీసి గొట్టాల్లో ఎక్కించినవి. మాది చీరాల. అక్కడ సముద్రం అడక్కుండానే ఇంట్లోకి వస్తుంది. ఇక్కడ దాన్ని నిమిషాల లెక్కన పంచుకుంటున్నారు.

ఫిర్యాదు చెప్పే పద్ధతి ఇక్కడ విచిత్రంగా ఉంది. మనిషి రాగానే మారెక్క చేతిలో పార కింద పెడుతుంది. పార నేల మీద ఉన్నంతసేపు ఆమె నోరు తెరవకూడదు. వచ్చినవాళ్లు కడుపులో ఉన్నదంతా కక్కి, చివరికి తామే ఆ పార ఎత్తి ఆమె చేతికి ఇవ్వాలి. అప్పుడు ఆమె లేచి వెళ్లి చేను చూస్తుంది. హనుమక్క అనే ఆవిడ పావుగంట తిట్టింది. నీళ్ల గురించి రెండు నిమిషాలు, తోటికోడలి గురించి మిగతాది. మారెక్క అంతా విన్నది. పార చేతికి వచ్చాక పుస్తకం తీసి, నాలిక చివర పెన్సిలు తడిపి, ఒక్క ముక్క రాసుకుంది.

రోజు 4

ఆ పుస్తకం మా శాఖ ఇచ్చిందే. వడగాలి వేళ గదిలో కూర్చుని నకలు రాసుకుంటున్నాను. 'దస్తగిరి. నీళ్లు రాలా. నన్ను తిట్టినాడు.' 'హనుమక్క. కాలవ మడవ తెగింది. తిట్టింది.' 'దస్తగిరి. మళ్లా వచ్చినాడు.' ఒక చోట 'చెన్నారెడ్డి. ఏమీ చెప్పలా, ఊరికే కూచున్యాడు' అని కూడా ఉంది. దాన్నీ మావాళ్లు ఫిర్యాదు కిందే కలిపేశారు.

పేర్లను ఊరి రేషను జాబితాతో పోల్చాను. ఈ దస్తగిరి గువ్వలమిట్టలో లేడు. చెన్నారెడ్డీ లేడు. పుస్తకంలో సగానికి పైగా పేర్లు ఈ ఊరివి కావు. తలుపు తీసి పరిగెత్తి అడుగుదామనిపించింది గానీ బయట నలభై తొమ్మిది డిగ్రీలుంది.

రోజు 5

వాళ్లంతా కోనంపల్లి వాళ్లు. యంత్రం ఉన్న ఊరివాళ్లు. రెండు కిలోమీటర్లు నడిచి వచ్చి ఈమెను తిట్టి పోతున్నారు. రెండు వందల పన్నెండులో నూట డెబ్భై ఒకటి వాళ్లవే.

పక్క ఊరి తిట్లు మీ లెక్కలో ఎందుకు రాసుకున్నారని అడిగాను. మారెక్క నన్ను వింతగా చూసింది.

"బుక్కు ఇచ్చినప్పుడు మీవోళ్లేమన్నారు? వచ్చి చెప్పినోళ్ల మాటంతా రాయల్ల, ఒకటి ఇడిసినా తప్పేనన్నారు. నేను ఒగటి గూడా ఇడసలా."

నిజమే. పుస్తకంలో పేరుకు గడి ఉంది, విషయానికి గడి ఉంది, ఊరికి గడి లేదు. అది అచ్చు వేయించింది మేమే. పైగా మారెక్క, అంతకు ముందు వాళ్ల నాన్న, రెండు ఊళ్లకూ నీరుగంట్లే. మా కాగితాల్లో మాత్రం కోనంపల్లి నీరుగంటి పదవి 'ఖాళీ' అని ఉంది. చీటీ తీసిన రోజున రెండు ఊళ్ల మధ్య సున్నం కొట్టిన రాళ్లు పాతి, ఇటు నీరుగంటి, అటు యంత్రం అని చెప్పి వెళ్లిపోయారు. ఆ రాళ్ల గురించి అడిగితే మారెక్క, రాళ్లు మీవి, కాలవ మాది అని తేల్చేసింది.

రోజు 7

ఉదయం ఐదింటికే కోనంపల్లికి నడిచాను. తెలివి తూము చూడముచ్చటగా ఉంది. ఎవరి వంతు ఎన్ని నిమిషాలో పలక మీద అక్షరాలు పరుగెడతాయి. పక్కన ఫిర్యాదుకు ఎర్ర బటన్. దాని మీద సాలెగూడు కట్టింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, వీళ్లు మూడు పంటలుగా అడగనే లేదు.

దస్తగిరిని పట్టుకున్నాను. అతని రెండెకరాలు కాలువ చిట్టచివర ఉన్నాయి, వేరుశనగ వేశాడు. బటన్ ఎందుకు నొక్కరని అడిగాను.

"నొక్కితే ఏమొస్తాదమ్మా? నీకు నలభై నిమిషాలు ఇడిసినాం అంటాది. ఇడిసినారని నాకూ తెలుసు. చేనుకు రాలేదని దానికెట్ల తెలుస్తాది? దాన్ని తిట్టినా ఒగటే, గోడను తిట్టినా ఒగటే."

అతను మిగతాది నడుస్తూ చూపించాడు. తూము దగ్గర వదిలిన నీళ్లు చివరికి చేరాలంటే పదకొండు మంది చేల పక్కనుంచి రావాలి. పందికొక్కులు గెనాలకు, అంటే చేల గట్లకు, బొక్కలు పెడతాయి, నీళ్లు ఆ బొక్కల్లోంచి పక్క చేలోకి జారిపోతాయి. జారిన చేను వాడికి బాగానే ఉంటుంది కాబట్టి వాడికి బొక్క కనిపించదు. పోనీ నువ్వే పూడ్చుకో అంటే కుదరదు. ఒకరి గెనం మీద ఇంకొకరు పార పెట్టడం ఇక్కడ ఇంట్లో దూరినంత తప్పు. తాతల నాడు ఆ తప్పుకే తలలు పగిలాయట. నీరుగంటి పార ఒక్కటే ఎవరి గెనం మీదికైనా వెళ్లొచ్చు.

అంటే ఈ యంత్రం మూడు పంటలుగా సున్న తెచ్చుకున్నది మారెక్క వెనకాల తిరిగి బొక్కలు పూడుస్తుంటేనే. దాని పరువు ఈమె కాపాడుతోంది, దాని తిట్లూ ఈమే తింటోంది. నాకు నవ్వు, కోపం ఒకేసారి వచ్చాయి.

రోజు 9

మాలకొండయ్య గారికి ఫోన్‌లో అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, నువ్వు చెప్పేది కథ, నాకు కావలసింది రుజువు అన్నారు. నేను ఎగిరి గంతేసి, రుజువు చేస్తాను అన్నాను. పద్నాలుగు రోజులు మారెక్క కోనంపల్లి మాట వినకూడదు, ఆ రాళ్లు దాటకూడదు. ఆమె లేకపోతే అక్కడ బటన్ మోగి తీరుతుంది. అప్పుడు ఆ సున్న ఎవరి కష్టమో శాఖకే తెలుస్తుంది.

ఆయన ఒప్పుకున్నారు. షరతులు మామూలువే. ఊరివాళ్లు గానీ మారెక్క గానీ నియమం తప్పితే ఈ జతను కొట్టేస్తారు, కొట్టేసిన జతకు యంత్రమే ఖాయం. నియమం తప్పింది పరిశీలకురాలైతే, అంటే తానే నీళ్ల పనిలో చేయి పెడితే, పరీక్ష మొదటినుంచి, ఇంకో మూడు పంటలు. ఆ పరిశీలకురాలికి జన్మలో మళ్లీ ఊళ్ల పని ఇవ్వరు. రెండోది ఇంతవరకు ఎవరూ చేయలేదని నవ్వుతూ అన్నారు.

రోజు 10

మారెక్కకు చెప్పాను. ఇది ఆమె పదవి నిలబెట్టడానికేనని రెండుసార్లు చెప్పాను. ఆమె పార మొన మీది మట్టి గీకుతూ కూర్చుంది.

"పద్నాలుగు దినాలు నన్ను ఊరుకోమంటావు. ఊరుకుంటా. శనక్కాయ ఊడలు దిగే టయిమిది. చేను ఊరుకుంటాదా పాపా?"

అంత లోపలే బటన్ నొక్కుతారు, యంత్రం మనుషుల్ని పంపుతుంది అన్నాను. చాలా ధీమాగా అన్నాను. నన్ను మేడమ్ అనడం మాని పాపా అన్నందుకు సంతోషిస్తూ అన్నాను.

రోజు 13

మూడో రోజు. బటన్ మోగలేదు. కోనంపల్లి నుంచి నలుగురు రాళ్ల దాకా వచ్చి నన్ను చూసి నిలబడ్డారు. నియమం చెప్పాను. తిరిగి వెళ్లారు. ఇటు బండ మీద మారెక్క వాళ్ల వీపుల్ని చూస్తూ ఉండిపోయింది.

రోజు 16

ఆరో రోజూ సున్నే. ఉదయం కోనంపల్లిలో తిరిగాను. నాకు వింతగా తోచింది ఆ నిశ్శబ్దం. పోయిన వారం గెనాల మీద కబుర్లు, కేకలు, సరసాలు ఉండేవి. ఇప్పుడు ఎవరి చేలో వాళ్లు తల వంచుకుని ఉన్నారు. దస్తగిరి పైచేను చెన్నారెడ్డిది. ఇద్దరూ ఒకే గెనం మీద ఎదురెదురుగా వచ్చి, చెరో పక్కకి దిగి నడిచిపోయారు. యంత్రం పలక మీద 'ఫిర్యాదులు లేవు, సంతృప్తి సంపూర్ణం' అని ఆకుపచ్చ అక్షరాలు పరుగెడుతున్నాయి. నేనే ఆ బటన్ నొక్కేద్దునా అనుకున్నాను. పరిశీలకుల వేలిముద్రకు అది మోగదు.

రోజు 18

దస్తగిరి చేనులో మట్టి తీసి చూశాను. జానెడు లోతున పొడి. కాయలు కట్టాల్సిన ఊడలు నేల తాకి, దిగలేక వంకరపోయాయి. ఎనిమిది రోజుల్లో అతని వంతు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ యంత్రం నలభై నిమిషాలు వదిలింది. మూడుసార్లూ నీళ్లు చెన్నారెడ్డి గెనంలోని బొక్కలోంచి జారిపోయాయి. బొక్క నాకు కూడా కనిపిస్తోంది, కొబ్బరికాయంత ఉంది.

బటన్ నొక్కమని బతిమాలాను. నొక్కితే చెన్నారెడ్డి పేరు పలక మీద పడుతుంది, జిల్లా కచేరీ దాకా పోతుంది, ఆ తర్వాత ఆ మనిషి పక్కన నేనెట్ల బతికేది అన్నాడు దస్తగిరి. మారెక్కకు చెప్పుకుంటే అది తిట్టు. బటన్‌కు చెప్పుకుంటే అది కేసు. ఈ తేడా నాకు ముందే తట్టి ఉండాల్సింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇంకో ఆరు రోజులు ఇలాగే గడిస్తే లెక్క ఇలా తేలుతుంది: మారెక్క ఉన్నా సున్న, లేకున్నా సున్న, కాబట్టి మారెక్క అక్కర్లేదు. ఆమె పదవి తీసే కాగితం మీద నా పరీక్షే సాక్ష్యం.

రోజు 20

ఈ రోజు దస్తగిరి వంతు ఆరింటికి. ఐదున్నరకు బడిపిల్లలు ఎక్కాలు చదువుతుంటే, కిటికీలోంచి మారెక్క కనిపించింది. పార భుజాన వేసుకుని రాళ్లవైపు పోతోంది. చెప్పులు లేకుండా పరిగెత్తాను. సున్నం రాళ్ల దగ్గర పట్టుకున్నాను.

ఆ రాయి దాటితే జతను కొట్టేస్తారు, రేపటినుంచి మీరు నీరుగంటి కారు అని చెప్పాను.

"ఈ తూరి తప్పితే ఆ చేను దక్కదు. వానికి ఉండేదే ఆ రెండెకరాలు. నీరుగంటి అనిపించుకోని, నీళ్లు పోతాంటే సూస్తా కూచుండేదానికి, ఆ పేరు యాలకు నాకు?"

పార ఇమ్మన్నాను. ఆమె ఇవ్వలేదు. నీరుగంటి పారను తనంతట తాను ఎవరి చేతికీ ఇవ్వదట, కింద పెట్టడమే తెలుసట. నన్నే చూస్తూ కింద పెట్టింది. నేను ఎత్తాను. ఎత్తి ఆమె చేతికి ఇవ్వకుండా రాయి దాటాను.

చెన్నారెడ్డి వేపపుల్ల నములుతూ తన గెనం మీద ఉన్నాడు. రాళ్లకు ఆ గెనం యాభై అడుగుల దూరం ఉంటుందంతే. నేను పార దించబోతే, కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా అన్నాడు. అయినా దించాను. తూము దగ్గర నీళ్లు వదిలిన చప్పుడు అప్పుడే వినిపించింది.

నేను వేసిన మట్టి వేసినట్టే జారిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ పోయింది. ఎనిమిదేళ్లుగా నీటి పరిపాలన మీద నివేదికలు రాస్తున్నాను, పిడికెడు మట్టి నిలబెట్టడం రాలేదు. రాళ్లకు అవతల మారెక్క రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి తిట్టడం మొదలుపెట్టింది. మట్టి కాదంట, ముందు గడ్డి కుక్కాలంట. పైన కాదంట, లోపలి వైపు నుంచి తొక్కాలంట. సంగటి గెలకడం కూడా రాని చేతులంట. తిట్టకూడదని నియమంలో ఎక్కడా లేదు. నేను తిట్లు వింటూ గడ్డి కుక్కాను.

చెన్నారెడ్డి వేపపుల్ల పారేశాడు. కాసేపు అటూ ఇటూ చూసి, దిగి వెళ్లి ఒక పలకరాయి తెచ్చి నా పక్కన పెట్టాడు. "ఇది అడ్డం పెట్టు. మట్టొకటే నిలబడదు" అన్నాడు. ఆ బొక్క తనకు తెలుసని గానీ తెలియదని గానీ అనలేదు.

ఆరూ ముప్పై ఒకటికి నీళ్లు దస్తగిరి చేను చేరాయి. అతని వంతులో ఇంకా తొమ్మిది నిమిషాలు మిగిలాయి. అతను మొదటి సాలులో వంగి, నీళ్లలో చేయి పెట్టి, అలాగే ఉండిపోయాడు. మోకాళ్ల దాకా బురదతో నేను ఏడ్చాను. ఎందుకో సరిగ్గా చెప్పలేను. చాలా సంతోషంగా మాత్రం ఉంది.

రోజు 21

మాలకొండయ్య గారు ఫోన్ చేశారు. నివేదికలో 'నియమం తప్పినవారు' అన్న గడిలో నా పేరు చూసి, కోప్పడలేదు, బాధపడ్డారు.

"మారెక్క అక్కడే ఉంది, ఆమె చెప్పింది, నువ్వు చేశావు. ఆమె పేరు రాస్తే నిన్నెవరూ అడగరమ్మా ఎస్తేరూ. బాగా ఆలోచించుకో."

"పార నా చేతిలో ఉందండీ. రాయి దాటింది నేనే."

ఆయన నిట్టూర్చి, సరే అన్నారు. పరీక్ష మళ్లీ మొదటినుంచి. వచ్చే పంటతో మొదలు, మూడు పంటల దాకా మారెక్కను ఎవరూ కదల్చరు. నన్ను కచేరీలో కూర్చోబెడతారు, ఇతరులు తెచ్చిన అంకెలు కూడటానికి. పదిహేడు ఊళ్లు తిరిగాను, ఊరు దిగిన మొదటి రోజు ఉండే ఆ ఆత్రం ఇక ఉండదు.

కొత్త పరీక్షకు రెండు సలహాలు రాశాను. పుస్తకంలో ఊరికి ఒక గడి ఉండాలి. ఫిర్యాదులు లెక్కపెట్టే బదులు కాలువ చివరి చేనులో జానెడు లోతున తడి ఉందో లేదో చూడాలి. వింటారో లేదో తెలియదు.

మారెక్కకు చెప్పాను. నాకు కృతజ్ఞతలు చెబుతుందేమోనని ఒక మూల ఆశ ఉండేది. ఆమె మూడు పంటలు అని వేళ్ల మీద లెక్కపెట్టుకుని, తర్వాత వచ్చే పాపకైనా మట్టిపని వచ్చునా అని అడిగింది.

రోజు 24

పది యాభై బస్సుకి బయలుదేరాను. సైరన్‌కు ముందు అది ఒక్కటే బస్సు. మారెక్క నా మడతమంచం మోస్తూ వచ్చింది. బస్సు వచ్చి ఆగింది. ఒక కాలు మెట్టు మీద పెట్టాను.

అప్పుడు దస్తగిరి వస్తూ కనిపించాడు. ఎండలో రెండు కిలోమీటర్లు గబగబా నడిచాడు, చొక్కా తడిసిపోయింది. వీడ్కోలుకు వచ్చాడనుకుని నవ్వాను. అతను మారెక్కను దాటి తిన్నగా నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"యేమమ్మా, అట్లనేనా పూడ్చేది? ఎడం పక్క మళ్లా కారుతాండాది. పని చేస్తే నికరంగా చేయల్ల, ల్యాకుంటే చేయగూడదు."

ఇంకా చాలా అన్నాడు. చదువుకున్న చేతులన్నాడు, పలకరాయి తలకిందులుగా పెట్టానన్నాడు, నన్ను పంపిన శాఖను, ఆ శాఖను పెట్టిన ప్రభుత్వాన్ని వరసగా తిట్టాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. మారెక్క నా మంచం నేల మీద పెట్టి, మాట్లాడకు అన్నట్టు నాకు చేత్తో సైగ చేసింది.

నేను మెట్టు మీంచి కాలు తీసి కిందికి దిగాను. బస్సు వెళ్లిపోయింది. అతను చెప్పడం పూర్తయ్యేదాకా నిలబడి విన్నాను.